హార్డ్‌వేర్ వాలెట్: డబ్బు పంపే ముందు ఒకసారి పూర్తిగా చెరిపి చూడండి

మీరు అడిగినవి నాలుగు. కొత్త హార్డ్‌వేర్ వాలెట్, అంటే క్రిప్టో నాణేల రహస్య కీని దాచే చిన్న పరికరం, ఎలా మొదలుపెట్టాలి? ఫోన్ వాలెట్‌లో ఇప్పటికే ఉన్న 12 రహస్య పదాలనే ఇందులో ఎక్కించుకోవచ్చా? పరికరం పోతే డబ్బు కూడా పోతుందా? ఎక్స్ఛేంజ్‌లో, అంటే క్రిప్టో కొని అమ్మే సంస్థ దగ్గర, ఉన్నదంతా ఒకేసారి పంపేయొచ్చా? మొదటిదానికి పొట్టి జవాబు లేదు, మిగతా మూడింటికీ ఉంది. పాత పదాలు ఎక్కించొద్దు. పదాలు భద్రంగా ఉంటే పరికరం పోయినా డబ్బు పోదు. ఒకేసారి పంపొద్దు. అసలు పరికరాన్ని ఒకసారి పూర్తిగా చెరిపేసి, కాగితం మీద రాసుకున్న పదాలతో మళ్లీ నిలబెట్టేదాకా పైసా కూడా పంపొద్దు. చాలామంది తొందరపడి వదిలేసేది సరిగ్గా ఈ చివరి మెట్టునే. ఈ పరికరాలు పెట్టుకునేవాళ్ల పక్కన కూర్చుని ఎన్నోసార్లు సాయం చేశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి స్పష్టం కావాలి. మీ బిట్‌కాయిన్ గానీ ఈథర్ గానీ ఆ పరికరంలో ఉండదు. బ్లాక్‌చెయిన్‌లో, అంటే ఎన్నో కంప్యూటర్లు కలిసి ఉంచే ఉమ్మడి ఖాతా పుస్తకంలో, ఒక అడ్రస్ పేరు మీద లెక్కగా ఉంటుంది. పరికరంలో ఉండేది ఆ లెక్కను కదిలించగల రహస్య కీ. దాన్ని బయటికి పోనివ్వకుండా లోపలే సంతకం చేసి, సంతకాన్ని మాత్రం కంప్యూటర్‌కు అందించడమే పరికరం పని. కంప్యూటర్‌లో వైరస్ ఉన్నా కీ దానికి చిక్కదు. అయితే ఆ కీలన్నీ పుట్టేది 12 లేదా 24 పదాల నుంచి. ఆ పదాలు ఎవరికి తెలిస్తే డబ్బు వాళ్లది. వాళ్లకు మీ పరికరం అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. పిన్ కాపాడేది చేతిలో ఉన్న పరికరాన్నే. ఈ పరికరాలు చేసే కంపెనీల్లో లెడ్జర్‌దైతే మూడుసార్లు, ట్రెజర్‌దైతే మోడల్‌ను బట్టి అంతకన్నా ఎక్కువసార్లు తప్పు పిన్ కొడితే పరికరం తనను తాను చెరిపేసుకుంటుంది, అంతవరకే.

మీ పాత 12 పదాలు వద్దన్నది ఇందుకే. అవి ఇంటర్నెట్‌కు తగిలి ఉన్న ఫోన్‌లో పుట్టాయి. ఇన్నాళ్లలో వాటిని ఏ యాప్ చూసిందో, ఏ బ్యాకప్‌లోకి వెళ్లాయో చెప్పలేం. వాటిని కొత్త పరికరంలో ఎక్కిస్తే పరికరం కొత్తదే గానీ రహస్యం పాతదే. పరికరంలో కొత్త పదాలు పుట్టించుకుని, ఫోన్ వాలెట్‌లో ఉన్నదాన్ని కొత్త అడ్రస్‌కు మామూలుగా పంపించుకోండి. కాస్త ఫీజు పడుతుంది, పడనివ్వండి.

ఏ కంపెనీది కొన్నారన్న దానికన్నా ఎక్కడ కొన్నారన్నది ముఖ్యం. తయారీదారు దగ్గరో, వాళ్లు తమ వెబ్‌సైట్‌లో పేరు పెట్టి చూపించిన విక్రేత దగ్గరో తప్ప ఇంకెక్కడా కొనొద్దు. వాడినది అసలు ముట్టుకోవద్దు. 2023లో కాస్పర్‌స్కీ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ పరిశోధకులు ఒక నకిలీ ట్రెజర్‌ను విప్పి చూశారు. ప్యాకింగ్, స్టిక్కర్లు చూస్తే అనుమానమే రాదు. లోపల మాత్రం ఫర్మ్‌వేర్, అంటే పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, మార్చేశారు. కొత్త వాలెట్ మొదలుపెట్టమంటే అది కొత్తగా పుట్టించినట్టు నటిస్తూ, దొంగలు ముందే తయారుచేసి పెట్టుకున్న 20 సీడ్‌లలో (సీడ్ అంటే ఈ పదాల వరుసే) ఏదో ఒకటి చూపిస్తుంది. ఆ మనిషి డబ్బు పంపిన క్షణం నుంచీ అది దొంగల చేతిలోనే ఉన్నట్టు. కాబట్టి స్టిక్కర్ చిరగలేదు కదా అని ధీమా పడొద్దు. తయారీదారు యాప్‌తో కలిపినప్పుడు అది చేసే అసలుదేనా అన్న పరీక్ష పూర్తి కానివ్వండి. పెట్టెలోంచి తీసేటప్పటికే పిన్ పెట్టి ఉన్నా, పదాలు ముందే రాసిన కార్డు దొరికినా ఇక ఆలోచించే పని లేదు. అది మోసం, వెనక్కి ఇచ్చేయండి. పదాలు మీ కళ్ల ముందు ఆ చిన్న స్క్రీన్ మీద పుట్టాలి, ఇంకెక్కడి నుంచీ రాకూడదు.

యాప్ విషయంలోనూ అంతే. సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటన నొక్కి దించుకోవద్దు, పెట్టెలోని కాగితం మీదున్న వెబ్ అడ్రస్‌ను చేత్తో టైప్ చేసి వెళ్లండి. 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే లెడ్జర్ యాప్ పేరుతో నకిలీది చేరింది, నమ్మి దించుకున్నవాళ్ల డబ్బు పోయింది. యాప్ పెట్టాక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అడిగితే అప్పుడే చేసేయండి. వాలెట్ ఖాళీగా ఉన్నప్పుడు చేసే అప్‌డేట్‌కు భయపడాల్సిన పని లేదు.

ఇక పదాలు. గదిలో ఒక్కరే ఉండేలా చూసుకుని, ఫోన్ పక్క గదిలో పెట్టి, కెమెరాలు లేని చోట కూర్చోండి. పదాలను ఇంగ్లీషు అక్షరాల్లోనే, పెద్దబడి అక్షరాలతో, విడివిడిగా, ప్రతిదాని పక్కన వరుస సంఖ్య వేసి రాయండి. వరుస మారితే అది వేరే వాలెట్. తెలుగు లిపిలో రాసుకుంటే స్పెల్లింగ్ పోతుంది, తర్వాత ఊహించుకోవాల్సి వస్తుంది. ఈ పదాలు వచ్చేది బిప్39 అనే ప్రమాణంలోని 2048 పదాల జాబితా నుంచి. ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకటి కాకుండా ఆ జాబితా కూర్చారు. అందుకే కొన్ని లోహపు పలకల మీద నాలుగేసి అక్షరాలకే చోటుంటుంది, అవి చాలు. 24 పదాలలో చివరిదానిలో కొంత భాగం మిగతావాటిని సరిచూసే లెక్క. ఎక్కడో ఒక పదం తప్పు పడితే దాదాపు ఎప్పుడూ పరికరమే చెల్లదని చెప్పేస్తుంది. కొన్ని కొత్త ట్రెజర్ మోడళ్లు 20 పదాలు ఇస్తాయి. అది వేరే ప్రమాణం, అన్ని వాలెట్లూ దాన్ని చదవలేవు. మీది ఏ రకమో కాగితం మీదే రాసి పెట్టండి.

రాసినదాన్ని ఫొటో తీయొద్దు. మెయిల్‌లో, నోట్స్‌లో, పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టొద్దు. ప్రింటర్‌కు పంపొద్దు. ఇది అతి జాగ్రత్త అనిపిస్తుందని తెలుసు. కానీ 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ బయటపెట్టిన స్పార్క్‌క్యాట్ అనే మాల్‌వేర్ (దొంగ ప్రోగ్రామ్) దెబ్బ తీసింది ఇలా ఫొటో తీసుకున్నవాళ్లనే. గూగుల్ ప్లేలోనూ ఆపిల్ యాప్ స్టోర్‌లోనూ ఉన్న కొన్ని యాప్‌లలో దూరి, గ్యాలరీలోని ఫొటోల్లో అక్షరాలు చదివి, సీడ్ పదాలున్న ఫొటోలను ఏరి దొంగలకు పంపేది. పదాలను కీబోర్డు మీద ఒక్కసారి టైప్ చేసినా, ఫొటో ఒక్కసారి తీసినా ఆ సీడ్ పని అయిపోయిందనే లెక్క. చెరిపేశాను కదా అని సర్దిచెప్పుకోవద్దు, కొత్తది పుట్టించుకుని డబ్బు మార్చుకోండి.

కాగితం మొదట్లో సరిపోతుంది. మొత్తం కాస్త పెరిగాక లోహం మీద చెక్కించుకోండి, అంటే మీరే అక్షరాల పంచ్‌తో కొట్టుకోండి, షాపులో ఇచ్చి కాదు. అల్యూమినియం వద్దు, 660 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు 1400 డిగ్రీల దరిదాపుల దాకా నిలబడుతుంది. రెండు ప్రతులు, రెండు వేర్వేరు చోట్ల. 12 పదాలు ఒకచోట, 12 ఇంకోచోట దాచే సొంత తెలివి మాత్రం వాడొద్దు. అలా చేస్తే రెండు చోట్లలో ఏ ఒక్కటి పోయినా మొత్తం పోయినట్టే. విడగొట్టి దాచుకోవాలంటే మూడింటిలో ఏ రెండు ముక్కలు ఉన్నా చాలు అనే పద్ధతిని కొన్ని పరికరాలే ఇస్తాయి, దాన్ని వాడండి.

ఇప్పుడు నేను పట్టుబట్టే మెట్టు. పదాలు రాశారు, పిన్ పెట్టారు, వాలెట్ ఖాళీగా ఉంది. యాప్‌లో మొదటి బిట్‌కాయిన్ అడ్రస్ తెరిచి, పరికరం స్క్రీన్ మీద కూడా చూపించి, మొత్తాన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. అడ్రస్ రహస్యం కాదు కాబట్టి దీన్ని ఎలా రాసినా పర్లేదు. తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి పరికరాన్ని పూర్తిగా చెరిపేయండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు అయిపోతుంది. ఇప్పుడు కొత్త వాలెట్ అని కాకుండా, పదాలతో తిరిగి తెచ్చుకునే దారి ఎంచుకోండి. కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్క పదాన్నీ పరికరం మీదే, దాని బటన్లతోనో టచ్‌తోనో ఎక్కించండి. మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టగానే అది పదాలు సూచిస్తుంది. మీ చేతిరాతలో ఏది యు, ఏది వి అన్న సందేహం మొదటిసారి ఇక్కడే వస్తుంది. ఇప్పుడు రావడమే మంచిది. చివరి పదం అయ్యాక అంగీకరిస్తే, మళ్లీ అదే రకం ఖాతా తెరిచి మొదటి అడ్రస్ చూడండి. రాసుకున్న అడ్రస్‌తో అక్షరం అక్షరం సరిపోవాలి. సరిపోతే మీ కాగితం నిజంగా పనిచేస్తుందని తేలినట్టు.

చెల్లదని వచ్చిందనుకోండి, పోయింది ఏమీ లేదు. ఖాళీ వాలెట్టే కదా. కొత్త సీడ్ పుట్టించి మళ్లీ రాసుకోండి. ఇదే సంగతి రెండేళ్ల తర్వాత, పరికరం పాడైన రోజున బయటపడితే ఏమవుతుందో నేను పక్కనే కూర్చుని చూశాను. ఆ ఇంట్లోవాళ్ల దగ్గర కాగితం ఉంది, 24 గళ్లూ నిండి ఉన్నాయి, కానీ ఒకే పదం రెండు వరుస గళ్లలో ఉంది, ఆ తర్వాత రావాల్సిన ఒక పదం లేదు. ఒకటే పదం తెలియకపోతే 2048 ప్రయత్నించి పట్టుకోవచ్చు, అదృష్టం బాగుండి దొరికింది. రెండో మూడో తప్పులుంటే పని అంత తేలిక కాదు. ఒకే పదం నిజంగానే రెండుసార్లు వచ్చే అవకాశం ఉంది, నిషేధమేమీ లేదు, అందుకే చూడగానే తప్పని చెప్పలేం. చెరిపి చూడడం ఒక్కటే పరీక్ష.

ఆ తర్వాత ఎక్స్ఛేంజ్ నుంచి చిన్న మొత్తం పంపండి. పంపే అడ్రస్‌ను కంప్యూటర్ తెర మీద చూసి కాపీ చేసేసి ఊరుకోవద్దు. యాప్‌లో చూపించే అడ్రస్‌నూ పరికరం స్క్రీన్ మీది అడ్రస్‌నూ పోల్చండి, తర్వాత ఎక్స్ఛేంజ్ పేజీలో అతికిన అడ్రస్‌ను మళ్లీ పోల్చండి. క్లిప్‌బోర్డులోని అడ్రస్‌ను తెలియకుండా మార్చేసే మాల్‌వేర్ ఏళ్లుగా తిరుగుతోంది. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూస్తే చాలనుకునేవాళ్ల కోసం ఇంకో వల ఉంది. అలాగే మొదలై అలాగే ముగిసే అడ్రస్‌ను దొంగలు తయారుచేసి, దాని నుంచి మీకు సున్నా విలువ బదిలీ ఒకటి చేస్తారు. తర్వాత మీరు పాత చరిత్రలోంచి అడ్రస్ కాపీ చేస్తే వాళ్లది వస్తుంది. 2024 మేలో ఇలాగే ఒకరు 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్ (ఈథీరియం మీద తిరిగే బిట్‌కాయిన్ రూపం), అంటే దాదాపు 6.8 కోట్ల డాలర్లు, తప్పు అడ్రస్‌కు పంపేశారు. బేరసారాల తర్వాత చాలావరకు తిరిగి వచ్చింది, కానీ అలా రావడం అరుదు. చరిత్రలోంచి అడ్రస్ ఎప్పుడూ కాపీ చేయొద్దు, మధ్య అక్షరాలు కూడా చదవండి.

నెట్‌వర్క్ కూడా చూసుకోండి. డాలరు విలువకు కట్టిన యూఎస్‌డీటీ లాంటి నాణేలు ఈథీరియం, ట్రాన్ అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్‌ల మీదా, ఇంకా కొన్నిటి మీదా ఉంటాయి. పంపేవైపు ఎంచుకున్న నెట్‌వర్క్, మీ పరికరంలో తెరిచిన ఖాతా ఒకటే కావాలి. చిన్న మొత్తం చేరిందా? ఇప్పుడు అందులో కొంత తిరిగి ఎక్స్ఛేంజ్‌కు పంపండి. రావడం ఒక్కటే చూసి ఆగొద్దు, బయటికి పంపగలనా అన్నదే అసలు పరీక్ష. అది కూడా అయ్యాక మిగతా మొత్తాన్ని రెండు మూడు విడతల్లో తరలించండి.

వాడకంలో నాకు ఎక్కువ బెంగ పుట్టించేది సంతకం. హార్డ్‌వేర్ వాలెట్ ఉంది కాబట్టి ఏ వెబ్‌సైట్‌కు తగిలించినా భయం లేదనుకుంటారు. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల ఈథర్ పోయింది. అక్కడ సంతకాలు చేసినవాళ్ల దగ్గర హార్డ్‌వేర్ వాలెట్లు ఉన్నాయి, పైగా పలువురు సంతకం చేస్తేనే డబ్బు కదిలే మల్టీసిగ్ ఉంది. దొంగలు వాళ్లు వాడే సేఫ్ అనే వాలెట్ వెబ్‌పేజీ కోడ్‌ను మార్చారు. కంప్యూటర్ తెర మీద మామూలు బదిలీ కనిపించింది, పరికరానికి వెళ్లింది మాత్రం వాలెట్ మీద అధికారాన్నే అప్పగించే ఆదేశం. ఆ చిన్న స్క్రీన్ మీద కనిపించిన సమాచారంతో అది తేలలేదు, అందరూ ఒప్పుకున్నారు. దీన్నే బ్లైండ్ సైనింగ్ అంటారు. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇచ్చినట్టే. కీ పరికరం దాటి బయటికి రాలేదు, డబ్బు మాత్రం పోయింది.

కాబట్టి నమ్మాల్సిన తెర ఒక్కటే, చేతిలో ఉన్నది. ఎవరికి వెళ్తోంది, ఎంత వెళ్తోంది, ఏ టోకెన్ (నాణెం) అన్నవి దాని మీద చదవగలిగేలా కనిపిస్తేనే ఒప్పుకోండి. అర్థం కాని హెక్స్ వరుస, అంటే అంకెలూ అక్షరాలూ కలగలిసిన కోడ్, కనిపిస్తే తిరస్కరించండి. తిరస్కరిస్తే నష్టం ఏమీ లేదు, మళ్లీ ప్రయత్నించవచ్చు. బ్లైండ్ సైనింగ్ అనుమతి సెట్టింగ్స్‌లో మూసి ఉంటే అలాగే ఉంచండి. టోకెన్ అనుమతులు ఇంకో గొడవ. ఒక డీఫై సైట్ (బ్యాంకు లేకుండా కోడ్‌తోనే అప్పులు, మార్పిడులు నడిపేది) అడిగినప్పుడు పరిమితి లేకుండా అనుమతిస్తే, దాని వెనక నడిచే కోడ్, అంటే ఆ కాంట్రాక్టు, రేపైనా ఎల్లుండైనా ఆ టోకెన్ మొత్తాన్ని మళ్లీ మిమ్మల్ని అడగకుండానే తీసుకోగలదు. అనుమతిని కావాల్సిన మొత్తానికే కుదించండి, పని అయ్యాక రద్దు చేయండి. నేను అందరికీ చెప్పే పద్ధతి ఒకటుంది. ఒకే పరికరంలో రెండు ఖాతాలు తెరవండి. దాచుకునేది ఒకదానిలో. దాన్ని ఏ సైట్‌కూ ఎప్పుడూ తగిలించొద్దు. సైట్లతో ఆడుకునేది ఇంకోదానిలో, పోయినా తట్టుకోగల మొత్తంతో. అనుమతులు అడ్రస్‌కు కట్టుబడి ఉంటాయి కాబట్టి రెండోదానికి దెబ్బ తగిలినా మొదటిది క్షేమం.

పాస్‌ఫ్రేజ్ గురించి మీరు అడగలేదు గానీ, సెట్టింగ్స్‌లో కనిపించి ఊరిస్తుంది. 24 పదాలకు మీ సొంత మాట ఒకటి కలిపి పూర్తిగా వేరే వాలెట్ తెరవడం. దాని బలం నిజమే. పరికరం చేతికి చిక్కితే ట్రెజర్ వన్, మోడల్ టీల నుంచి పదిహేను నిమిషాల్లో సీడ్ లాగవచ్చని క్రాకెన్ అనే ఎక్స్ఛేంజ్ భద్రతా బృందం 2020 జనవరిలో చూపించింది. పాస్‌ఫ్రేజ్ పెట్టుకున్నవాళ్లను ఆ దాడి ఏమీ చేయలేదు, ఎందుకంటే అది పరికరంలో నిల్వ ఉండదు. కానీ పాస్‌ఫ్రేజ్‌లో ఒక్క అక్షరం తప్పినా పరికరం తప్పు అనదు, నిశ్శబ్దంగా ఇంకో ఖాళీ వాలెట్ తెరుస్తుంది. మర్చిపోతే ఎవరూ తిరిగి ఇవ్వలేరు. మొదటి కొన్ని నెలలు దాని జోలికి పోవద్దు. పోయినప్పుడు దాన్ని కూడా రాసి, పదాలున్న చోట కాకుండా వేరే చోట పెట్టండి.

మెయిళ్లు, ఫోన్లు, ఉత్తరాలు వస్తాయి. 2020లో లెడ్జర్ కంపెనీ కొనుగోలుదారుల వివరాలు దొంగిలించారు. ఆ డిసెంబరులో 2.7 లక్షల మందికి పైగా పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు బహిరంగంగా ఇంటర్నెట్‌లో పెట్టేశారు. తర్వాత కొందరి ఇళ్లకు కంపెనీ పేరుతో ఉత్తరంతో సహా నకిలీ పరికరాలే పోస్టులో వచ్చాయి, భద్రత కోసం వీటికి మారండి అంటూ. ఏ కంపెనీ, ఏ సపోర్ట్ ఉద్యోగి, ఏ అధికారి, ఏ అప్‌డేట్ అయినా మీ పదాలు అడిగితే అది దొంగతనమే. పదాలు ఎక్కించాల్సిన చోటు పరికరం ఒక్కటే, అదీ మీరుగా తిరిగి తెచ్చుకుంటున్నప్పుడే.

ఇంట్లో ఒకరికైనా ఈ సంగతి తెలిసి ఉండాలి. పదాలు చెప్పమనడం లేదు. ఒక ఉత్తరం రాసి పెట్టండి: ఇలాంటి ఆస్తి ఉంది, పరికరం ఫలానా రకం, పదాలున్న లోహపు పలక ఫలానా చోట ఉంది, ఏ నాణేలు ఏ నెట్‌వర్క్‌లో ఉన్నాయి, ఎవరు సాయం చేస్తామన్నా పదాలు వాళ్ల చేతికి ఇవ్వొద్దు. పాస్‌ఫ్రేజ్ పెట్టుకుని ఉంటే అది ఉందన్న మాట కూడా రాయండి. లేకపోతే వాళ్లు పదాలు ఎక్కించి, సున్నా చూసి, అంతా పోయిందనుకుంటారు.

ఇంకొకటి. డబ్బు మార్చేశాక ఆ ఫోన్ వాలెట్ 12 పదాల కాగితం చింపేయొద్దు. మర్చిపోయిన టోకెన్ ఏదో ఆ అడ్రస్‌లో మిగిలి ఉండొచ్చు, తెలిసినవాళ్లెవరో పాత అడ్రస్‌కే పంపొచ్చు. దాని మీద పాతది, వాడవద్దు అని రాసి, తేదీ వేసి, కొత్త పదాలతో కలవకుండా విడిగా దాచండి.